పనిలోనున్న కుక్కను పిలువరాదేల?

గడచిన సంక్రాంతి సెలవులకు ముందు మా పాఠశాల పూర్వవిద్యార్థిని యొకరు, తాము చదివిన తరగతి గదులను తమ కుమార్తెకు చూపదలచి వచ్చిరి. వారు చాల యేండ్లుగా అమెరికాదేశమున న్యూజెర్సీ రాష్ట్రములో కాపురముండుచున్నారు. ప్రధానోపాధ్యాయుల కోరికపై ఆమె ఉదయపు సభలో విద్యార్థులతో కొంతసేపు ముచ్చటించిరి. అచ్చటి మంచును గూర్చియు, బడులను గూర్చియు ఆమె చెప్పిన సంగతులు పిల్లలు సాయంకాలమునకే మఱచిరి. ఒక కుక్కను గూర్చి చెప్పిన సంగతి మాత్రము నేటికిని మఱువలేదు.

వారి యింటికి సమీపమున మోరిస్‌టౌన్ అను పట్టణము కలదు. చూపులేనివారికి తోడై నడచు కుక్కలకు శిక్షణ నిచ్చు సంస్థ ఆ ప్రాంతముననే యుండుటచేత ఆ వీధులలో అట్టి కుక్కలు తఱచుగా కానవచ్చును. ఆమె కుమార్తెకు అప్పటికి ఏడేండ్లు. ఒకనాడు తల్లితో అంగడికి పోయి, బిస్కత్తుల పొట్లముతో వెలుపలికి వచ్చిన యా బాలిక, పసుపువన్నె కుక్క యొకటి ఒక పెద్దమనిషి ప్రక్కను నడచుచు వీధి దాటుట చూచి, ముచ్చటపడి, నోటితో చప్పుడు చేసి, బిస్కత్తు చూపి పిలిచినది. కుక్క తల త్రిప్పి రెండడుగులు ప్రక్కకు వేసినది. అంతియే. బండి యేదియు మీదికి రాలేదు. ఎవ్వరికిని దెబ్బ తగులలేదు. కాని యా పెద్దమనిషి నడివీధిలో నిలిచిపోయెను. ఆ రెండడుగులలో తాను ఏ దిక్కునకు తిరిగినదియు ఆయనకు తెలియకపోయెను. అంతట ఆయన గొంతెత్తి, “ఎవరైన నున్నారా? నేనిప్పుడు ఎటు తిరిగి యున్నాను?” అని యడిగెను. బాలికకు నోట మాట రాలేదు. తల్లి పరుగున పోయి, “కాలిబాట మీ కుడిచేతివైపున నాలుగడుగుల దూరమున నున్నదండీ” అని చెప్పిన పిదప, ఆయన కుక్కను మెల్లగా మాటలతో నిమ్మళింపజేసి నడచిపోయెను.

ఆ ప్రశ్న మా పిల్లలను పట్టుకొన్నది. వారము దినములు తరగతులలో ఇదియే మాట. కుక్కకు దారి యెట్లు తెలియును? ఎఱ్ఱదీపము వెలిగినప్పుడు ఆగవలెనని దానికెవరు నేర్పిరి? ప్రేమతో పిలిచినంత మాత్రమున వచ్చు తప్పేమి? వీనికి జవాబులు మాకును సగమే తెలిసినందున, చదివి తెలిసికొని, ఈ సంచికలో వ్రాయుచున్నాము.

మార్గదర్శక శునకము అను పేరే కొంత పొరపాటునకు కారణమగుచున్నది. “తపాలాఫీసునకు తీసికొనిపొమ్ము” అని చెప్పినంతనే కుక్క తీసికొనిపోవునని మనమనుకొందుము. అట్లు కాదు. దారి యెఱిగినవాడు మనుష్యుడు. ఇన్ని వీధులు దాటవలెను, ఈ మూల కుడిచేతికి తిరుగవలెను అని అతడు మనస్సులో పటము గీసికొని బయలుదేరును. “ముందుకు”, “ఎడమకు”, “కుడికి” అని ఆజ్ఞ యిచ్చువాడతడే. అడుగు పెట్టదగిన చోటేదో చూచుట కుక్క వంతు. గోదావరిలో లాంచీ నడచునప్పుడు ముందుభాగమున నిలిచి గడతో లోతు చూచువాడొకడు, చుక్కాని పట్టిన సరంగు వేఱొకడు. ఏ రేవునకు పోవలయునో సరంగునకు తెలియును. ఇసుకమేట యెచ్చట నున్నదో గడవానికి తెలియును. ఇద్దఱిలో నెవ్వడు పరధ్యానమున నున్నను లాంచీ మేటనెక్కును.

కుక్క సాధారణముగా మనుష్యుని యెడమప్రక్క నడచును. దాని ఱొమ్మును వీపును చుట్టి తోలుపట్టెల కట్టొకటి యుండును. ఆ కట్టునకు వంగని పిడి యొకటి అమర్చియుండును. మనుష్యుడు పట్టుకొనునది ఈ పిడినే. త్రాడైనచో వదులుగా వ్రేలాడును. కుక్క కదలిక చేతికి తెలియదు. వంగని పిడియైనచో కుక్క యొక భుజము కదలినను, వేగము తగ్గించినను, మెట్టువద్ద నిలిచినను ఆ సంగతి తక్షణమే అఱచేతికి అందును. కావున చూపులేనివాడు ఆ పిడిద్వారా నేలను చదువుచున్నాడనవలెను. బిస్కత్తు చూచి కుక్క ప్రక్కకు మరలినప్పుడు ఆ పిడి అబద్ధము చెప్పినట్లయినది. ఆ పెద్దమనిషి నడివీధిలో నిలిచిపోవుటకు కారణమిదియే.

ఇక ఎఱ్ఱదీపము సంగతి. కుక్కకు రంగులు బొత్తిగా తెలియవనుట సరికాదు. పసుపును నీలమును అది గుర్తించును. ఎఱుపును పచ్చను వేఱుపఱచుట మాత్రము దానికి కష్టము. దీపములను చూచి వీధి దాటించు పని దానికెవ్వరును నేర్పలేదు. చూపులేనివాడు మూలమీద నిలిచి బండ్ల చప్పుడు వినును. తనకు అడ్డముగా పోవు బండ్లు ఆగి, తన ప్రక్కగా పోవు బండ్లు కదలినవని వినికిడివలన తెలిసికొని, “ముందుకు” అనును. అప్పుడు మలుపు తిరిగి యే బండియైనను వచ్చుచున్నచో కుక్క కదలదు. మఱల ఆజ్ఞ యిచ్చినను కదలదు. అవసరమైనచో అడ్డముగా నిలుచును. యజమాని మాటను వినవలసినప్పుడు వినుటయు, అపాయము కలిగినప్పుడు వినకుండుటయు దాని విద్యలోనెల్ల కఠినమైన పాఠమట. మా తొమ్మిదవ తరగతి బాలుడొకడు ఇది విని, ఇంటిలెక్కలు చేయకుండుటకు దీనిని సాకుగా చెప్పవచ్చునా యని యడిగెను. కుక్క తన సుఖమునకై మాట వినకుండుట లేదని చెప్పి కూర్చుండబెట్టితిమి.

కుక్కలు చూపులేనివారికి తోడుండుట క్రొత్త సంగతి కాదు. కాని క్రమముగా శిక్షణ నిచ్చు పద్ధతి యిటీవలిదే. వియన్నాలో అంధుల పాఠశాల స్థాపించిన యోహాన్ విల్‌హెల్మ్ క్లైన్ 1819లో తాను ప్రకటించిన గ్రంథమున, కుక్క మెడపట్టెకు కఱ్ఱ నమర్చి దానిద్వారా దాని కదలికలను తెలిసికొను విధమును వివరించెను. ఆ పుస్తకమును చదివి మెచ్చిన వారుందురు గాని, ఆచరణకు నూఱేండ్లు పట్టెను. మొదటి ప్రపంచయుద్ధమున విషవాయువువలనను ప్రేలుడులవలనను కన్నులు పోయిన సైనికులు వేలకొలది యింటికి తిరిగివచ్చిరి. జర్మనీలో గెర్హార్డ్ స్టాలింగ్ అను వైద్యుడు ఒకనాడు అట్టి రోగితో ఆసుపత్రి తోటలో తిరుగుచు, పిలుపు వచ్చి, తన కుక్కను అతనియొద్ద విడిచి లోనికి పోయెనట. తిరిగి వచ్చునప్పటికి ఆ కుక్క యా సైనికుని కనిపెట్టుకొని యుండిన తీరు చూచి ఆయనకు ఈ యాలోచన పుట్టెనని చెప్పుదురు. 1916లో ఓల్డెన్‌బర్గ్ పట్టణమున ఆయన స్థాపించినదే మార్గదర్శక శునకములకు మొదటి శిక్షణాలయము. 1923లో పోట్స్‌డామ్‌లో మఱియొకటి వెలసెను.

ఈ పోట్స్‌డామ్ శిక్షణాలయమును చూచినవారిలో డోరతీ హారిసన్ యూస్టిస్ అను అమెరికా వనిత యొకరు. ఆమె స్విట్జర్లాండులో వెవే పట్టణమునకు పైనున్న కొండపై జర్మను గొఱ్ఱెలకాపరి కుక్కలను పెంచుచుండిరి. తాను చూచిన వింతను ఆమె 1927 నవంబరులో ఒక అమెరికా వారపత్రికకు వ్రాసిరి. ఆ వ్యాసమునకు పెట్టిన పేరునకు “చూచెడి కన్ను” అని యర్థము. అది బైబిలులోని సామెతల గ్రంథము 20వ అధ్యాయము 12వ వచనమునుండి తీసికొన్న మాట.

ఆ వ్యాసమును టెన్నెసీ రాష్ట్రములోని నాష్‌విల్ పట్టణమున ఒక తండ్రి తన కుమారునకు చదివి వినిపించెను. ఆ కుమారుని పేరు మోరిస్ ఫ్రాంక్. ఆఱేండ్ల ప్రాయమున గుఱ్ఱముపై పోవుచు చెట్టుకొమ్మ తగిలి యొక కన్నును, పదునాఱేండ్ల ప్రాయమున ముష్టియుద్ధపు పందెములో రెండవ కన్నును అతడు పోగొట్టుకొనెను. చదువు విడువలేదు, పని విడువలేదు. కాని ఎచ్చటికి పోవలెనన్నను ఒకరి చేయి కావలసియుండెను. క్షౌరమునకు పోవలెనన్నను తండ్రి తీసికొనిపోయి మంగలి దుకాణమున కూర్చుండబెట్టి తన పనికి పోవును. క్షౌరము ముగిసినను, మఱల నెవరైన వచ్చి తోడ్కొనిపోవు వఱకు అతడు అచ్చటనే కూర్చుండవలెను. వ్యాసము విన్నంతనే అతడు ఆమెకు జాబు వ్రాసి, తనకొక కుక్కను ఇప్పించినచో తనవలెనే యున్న యితరులకును అమెరికాలో ఈ విద్య నేర్పుదునని మాట యిచ్చెను.

1928లో అతడు ఒంటరిగా ఓడ నెక్కి ఐరోపాకు పోయెను. ఒంటరిగా ననుటకంటె మూటవలె నని యనుట సరి. ఓడలో అతనిని కాచుటకు నియమింపబడిన సేవకుడు వేళకు తిండికి తీసికొనిపోయి, వేళకు గాలికి త్రిప్పి, పిదప గదిలో నుంచి తాళము వేయుచుండెను. స్విట్జర్లాండులో అతనికిచ్చిన కుక్క ఆడుది. దాని పేరు ఇంగ్లీషున ముద్దు అను నర్థమిచ్చునది. నడివీధిలో పరాయివారి నడుమ ఆ మాట బిగ్గఱగా పిలుచుట యెట్లని సిగ్గుపడి, అతడు దానిని బడ్డీ యని పిలిచెను, అనగా నేస్తము. మన తెలుగువాడైనచో ముద్దు అను పేరే యుంచి యుండునని మా యూహ.

కొన్ని వారముల శిక్షణమైన పిదప ఒకనాడు అతడు క్షౌరము చేయించుకొనవలెననెను. దుకాణమునకు ఎట్లు పోవలెనో చెప్పి, కుక్కతో తానే పోయి రమ్మనిరి. పోయెను, వచ్చెను. వచ్చిన పిదప ఆగకుండ నవ్వెనట. క్షౌరమునకు నవ్వుటయేమని కన్నులున్న మనకు తోచును. ఈ వ్యాసమంతటిలో మాకు మిక్కిలి నచ్చిన సంగతి యిదియే.

ఆ యేడు జూన్ నెలలో అతడు బడ్డీతో న్యూయార్కు రేవున దిగెను. పత్రికావిలేఖరులు గుమిగూడిరి. కుక్క మనుష్యుని నడపునన్న మాటను వారు నమ్మలేదు. నమ్మని వారిలో నొకడు, అయినచో వెస్టు వీధిని దాటి చూపుమనెను. ఆ పేరు విన్న అతనికి ఆ వీధి ఎట్టిదో తెలియదు. రేవు ప్రక్కనుండు ఆ వెడల్పాటి వీధిలో లారీలు ఎడతెగక పోవుచుండును. కన్నులున్నవారే దాటుటకు జంకుదురు. అతడు “ముందుకు” అనెను. బడ్డీ ఆగుచు, వెనుకకు తగ్గుచు, మఱల కదలుచు దాటించెను. నడుమ అతనికి దిక్కు తప్పిపోయినది. అంతయు కుక్కకే విడిచిపెట్టి నడచెను. ఆవలి గట్టు చేరిన పిదప స్విట్జర్లాండునకు ఒకే మాటతో తంతి పంపెను: విజయము. 1929 జనవరిలో నాష్‌విల్‌లో ప్రారంభమైన శిక్షణసంస్థకు వ్యాసపు పేరే యుంచిరి. అది పిదప న్యూజెర్సీకి తరలినది. మా పూర్వవిద్యార్థిని చెప్పిన కుక్కలు ఆ సంస్థవే. ఇంగ్లండులో 1931లో వాలసీ పట్టణమున ఇద్దఱు స్త్రీలు, మ్యూరియల్ క్రూక్, రోజమండ్ బాండ్ అనువారు, నాలుగు కుక్కలతో ఇట్టి పనియే మొదలుపెట్టిరి.

ఆ వీధిలో ఎవరైన బిస్కత్తు చూపి బడ్డీని పిలిచియున్న నేమగునో చదువరులు ఊహింపగలరు.

ఇట్టి కుక్కను తయారుచేయుటకు రెండేండ్లు పట్టును. లాబ్రడారు, గోల్డెన్ రిట్రీవరు, జర్మను గొఱ్ఱెలకాపరి జాతులును, వీని సంకరములును ఈ పనికి తఱచుగా ఎన్నుకొనబడుచున్నవి. కుక్కపిల్లను ఏడెనిమిది వారములప్పుడు ఒక గృహస్థుని యింటికి ఇత్తురు. అది ఆ యింట సుమారొక యేడు పెరిగి, ఇంటిలో మెలగు పద్ధతియు, జనసమ్మర్దమునకును చప్పుళ్లకును బెదరకుండుటయు నేర్చును. న్యూజెర్సీలో 1942 మొదలుకొని ఫోర్-ఎయిచ్ అను బాలసంఘములలోని బాలబాలికలు ఈ పిల్లలను పెంచుచున్నారు. తిండి పెట్టి, స్నానము చేయించి, తమ ప్రక్కనే పరుండబెట్టుకొని పెంచిన దానిని ఏడాదికి తిరిగి యిచ్చివేయవలెను. మా బాలిక యొకతె, “ఇచ్చునప్పుడు వారు ఏడ్వరా?” అని యడుగగా, మా యతిథి, “ఏడ్తురు. కొందఱు మఱుసటి వారమే ఇంకొక పిల్లను తెచ్చుకొందురు” అనిరి.

అటుపిమ్మట శిక్షకుల వంతు. మెట్టు వచ్చినచో ఆగుట, గుంటను తప్పించుట, పిల్లులను పిచ్చుకలను పట్టించుకొనకుండుట మున్నగునవి కొన్ని నెలలు నేర్పుదురు. వీనిలో ఒకటి చెప్పదగినది. వంగిన చెట్టుకొమ్మ క్రింద కుక్క సులభముగా దూరిపోవును; దానికి తల తగులదు. కాని ప్రక్కనున్న మనుష్యుని తలకు తగులును. రెండు స్తంభముల నడుమ కుక్క పట్టును. మనుష్యుని భుజము పట్టదు. కావున కుక్క తన యెత్తును తన వెడల్పును మఱచి, కుడిప్రక్కనున్నవాని కొలతలతో లోకమును చూడవలెను. ఎంత మనస్సు లగ్నముచేసిన గాని యిది సాధ్యము కాదు. శిక్షణ పొందినవన్నియు ఈ పనికి కుదురవు. కుదిరినదానిని నడకవేగము, ఒడ్డుపొడవు, స్వభావము చూచి ఒకరికి జతపఱచి, ఇద్దఱికిని కలిపి కొన్ని వారములు నేర్పుదురు.

ఇంత చెప్పిన పిదప, ఎట్లు మెలగవలెనన్న ప్రశ్నకు జవాబు చాలవఱకు చెప్పకయే తెలియుచున్నది. పట్టెకట్టు ధరించియున్న కుక్క పనిలోనున్నదని యర్థము. దానిని తాకరాదు, పిలువరాదు, ఈలవేయరాదు, దాని కన్నులలోనికి చూచి నవ్వుటయు వలదు. కుక్కకు చూపును పిలుపే. బల్లక్రింద పరుండి నిద్రించుచున్నట్లు కనబడినను అది పనిలోనున్నట్లే. తినుటకు పెట్టుట మఱింత చెఱుపు. ఒకసారి పరాయిచేతినుండి రుచి మరగినచో అది ప్రతి చేతిని వాసన చూడసాగును. కడుపు చెడినచో ఆ దినము కుక్కకే గాక యజమానికిని ఇల్లు కదలు నవకాశము తప్పును.

“ప్రేమతో నిమిరినచో దానికి సంతోషము గాదా?” అని యడిగినవారు మా పాఠశాలలో తక్కువవారు కారు. సంతోషమే. ఆ సంతోషమే యిక్కట్టు. మేడమీద పనిచేయు తాపీమేస్త్రికి నిచ్చెన పట్టుకొన్నవానిని మనము స్నేహముతో కౌగిలించుకొందుమా?

మాట్లాడదలచినచో మనుష్యునితో మాట్లాడవలెను. అనేకులు ఆయనను విడిచి కుక్కతో మాట్లాడుదురు, మఱికొందఱు ఆయన ప్రక్కనున్నవారితో, “వీరికేమి కావలెను?” అని యడుగుదురు. చూపు లేదు గాని వినికిడి యున్నదని మఱచుట యిది. సాయము కావలెనేమో అని తోచినచో కుక్క లేని వైపునకు, అనగా సామాన్యముగా కుడివైపునకు వచ్చి, మన పేరు చెప్పి, “సాయము కావలెనా అండీ?” అని యడుగవలెను. అక్కఱలేదన్నచో పోవలెను, దానికి చిన్నబుచ్చుకొనరాదు. కావలెనన్నచో మన మోచేతిని అందింపవలెను. అడుగకయే చేయి పట్టి లాగుటయు, పిడి పట్టుకొనుటయు, కుక్క మెడపట్టెను అందుకొనుటయు ఎన్నడును చేయరాదు. అడిగినప్పుడు చెప్పు గుర్తులు “ఇటు”, “అటు” అని గాక “మీ కుడిచేతివైపు పదడుగులు” అనునట్లుండవలెను. ఆ బాలిక తల్లి చెప్పినది అట్టి మాటయే. మన పెంపుడుకుక్క వెంటనున్నచో దానిని దగ్గఱగా పట్టుకొని దూరముగా తొలగవలెను. బండి నడుపువారు జాలిపడి హారను మ్రోగించి “దాటుడు” అని తెలుపుట మేలు కాదు. ఆ మ్రోతలో వారు వినవలసిన చప్పుళ్లు మునిగిపోవును. ఇంటికి చేరి పట్టెకట్టు విప్పినప్పుడు ఆ కుక్కయు తక్కిన కుక్కలవలెనే గంతులువేయును, చెప్పులు కొఱుకును. అప్పుడును యజమానిని అడిగియే నిమురవలెను.

తల్లిదండ్రులకు ఒక మాట. అన్నము తినని బిడ్డను “కుక్క వచ్చి కఱచును” అని బెదరించుట మన యిండ్లలో నున్నదే. అట్లు పెరిగిన బిడ్డ కుక్కను చూచినంతనే కేకవేయును, లేదా ఱాయి యెత్తును. రెండును ఇచ్చట ప్రమాదకరములు. భయమున్నవారు నిశ్శబ్దముగా ప్రక్కకు తొలగిన చాలును. పనిలోనున్న కుక్క వారి జోలికి రాదు. మఱియు, పిల్లలను చూచుటకై అమెరికాకో ఇంగ్లండునకో పోవు పెద్దలు, భోజనశాలలో బల్లక్రింద కుక్క పరుండియుండుట చూచి ముక్కు మూసికొనక యుండవలెను. మన వంటయింటి గడప దాటనీయని జంతువును అచ్చట లోనికి రానిచ్చుట అనాచారము కాదు. అమెరికాలో 1990లో చేసిన చట్టము ప్రకారము ఇట్టి కుక్కను యజమానితో కూడ లోనికి రానీయవలసినదే. తన కన్నును గుమ్మమువద్ద విడిచి రమ్మని యెవరినైన నడుగుదుమా?

మన దేశమున ఇట్టి కుక్కలు మిక్కిలి అరుదు. కారణము వెదకుటకు దూరము పోనక్కఱలేదు. కుక్కకు నేర్పిన మొదటి పాఠము కాలిబాట అంచున ఆగుట. మన బజారులలో కాలిబాట యున్నచోట దుకాణముండును, దుకాణము లేనిచోట మూతలేని కాలువ యుండును. ప్రతి మూలను వీధికుక్కల గుంపు. క్రొత్త కుక్క కనబడినచో అవి యూరకుండవు. ఎడతెగని హారనుల మ్రోతలో బండ్ల కదలికను చెవితో పట్టుట యెట్లు? ఇన్ని చక్కబడక కుక్కను మాత్రము తెచ్చుట వలన లాభము కొంచెమే యని మా యభిప్రాయము.

అయినను తెల్లకఱ్ఱ పట్టినవారు మన యూరనే కలరు. కుక్కను గూర్చి చెప్పినవి చాలవఱకు కఱ్ఱకును చెల్లును. కఱ్ఱ కొనను పట్టుకొని చిన్నవాడు ముందు నడువ, వెనుక చూపులేని పెద్దవాడు నడచుట మనమెల్లరమును చూచినదే. మేమును బాల్యమున అట్లు చేసి మంచిపని చేసితిమని సంతోషించినవారమే. పుణ్యమని తలచి చేసిన యా పనిలో, ఆయన నేలను తెలిసికొను సాధనమును మేము చేతినుండి లాగుకొంటిమని అప్పుడు తెలియదు. కఱ్ఱను ఆయన చేతికే విడిచి, మోచేయి అందించి, సగమడుగు ముందు నడువవలెను. మెట్లు వచ్చినచో ఎక్కుటకో దిగుటకో ముందుగా చెప్పవలెను. విడిచిపోవునప్పుడు “పోవుచున్నాను” అని చెప్పక పోరాదు. లేనివానితో మాటలాడుచు నిలుచుట ఎవరికైనను సిగ్గే. బడికి వచ్చునప్పుడు కాలిబాటపై సైకిలు అడ్డముగా నిలుపువారు మాలో కొందఱు కలరు. వారి పేర్లు ఇచ్చట వ్రాయము.

కుక్క ఏడెనిమిదేండ్లు పనిచేయును. అటుపిమ్మట దాని నడక మందగించును, చెవి మొద్దుబారును. అప్పుడు దానికి విశ్రాంతి నిత్తురు. కొన్నిటిని యజమానులే ఉంచుకొందురు. కొన్నిటిని బాల్యమున పెంచినవారు తిరిగి తీసికొందురు. ఏడాది దాటిన ప్రాయమున ఏడ్చుచు అప్పగించిన కుక్క, మూతి నెఱసి, పదేండ్ల ముసలిదై ఆ యింటికే వచ్చినప్పుడు, నాటి బాలుడు మీసములు వచ్చినవాడై గుమ్మమున నిలుచుట యుండును.

బడ్డీ 1938లో చనిపోయినది. మోరిస్ ఫ్రాంక్ మఱియొక కుక్కను తెచ్చుకొని దానికిని బడ్డీ యనియే పేరు పెట్టెను. అది పోయిన పిదప వచ్చినదానికిని అదే పేరు. 1980లో తాను మరణించునంతవఱకు అతని ప్రక్కను నడచిన కుక్కలు ఆఱు. ఆఱింటికిని పేరు బడ్డీయే.